ముళ్లకంప తీసిన పూట

మా చేను వేముల దగ్గర. ఒకప్పుడు చీనీ తోట. బోరు ఎండిపోయాక చెట్లు కొట్టించి, వానను నమ్ముకుని వేరుశనగ వేయడం మొదలుపెట్టాం. ఒకటి పోయినా ఒకటి మిగులుతుందని నడుమ కంది సాళ్లు. ఆ ఏడు కంది మొలవనే లేదు. వేరుశనగ పూసింది గానీ, కాయ పట్టడానికి ఊడలు నేలలోకి దిగే వేళకు వాన ముఖం చాటేసింది.

పంట రాదని తేలితే, ఆకు పచ్చగా ఉండగానే గొర్రెలకు వదిలేస్తారు మా వైపు. గొర్రెలు బతుకుతాయి, బదులుగా మంద చేలోనే పడుకుని ఎరువు వేస్తుంది. ఆలస్యమైతే పంటా లేదు, మేతా లేదు. అయితే కాపరి నోరు తెరిచి అడగకూడదు. అడిగితే పైరు చావు కోరినట్టే. చేను గలవాళ్లే దారికడ్డం పెట్టిన ముళ్లకంప తీయాలి.

అందుకని మా ఊరి కాపరి రోజూ వచ్చి గట్టు మీద కూర్చునేవాడు. అన్నీ మాట్లాడేవాడు, ఆ ఒక్కటి తప్ప. అతని గొర్రెల డొక్కలు నాకు కనపడుతూనే ఉన్నాయి. మా ఆయనకు ఆకాశం తప్ప ఏమీ కనపడదు.

"ఒక్క పదును వాన పడితే చాలు మామా, కాయ ఊరుతాది," అనేవాడు.

"ఊరుతాదిలేప్పా," అనేవాడు కాపరి.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఊడే దిగని చెట్టుకు కాయ ఊరుతుందట! నాకు ఒళ్లు మండేది.

ఒకనాడు కాపరి లేచి నిలబడ్డాడు. "రేపు చెన్నూరు దిక్కు తోలుకోని పోతాండామ్మా. పెన్న ఒడ్డున గడ్డి ఉంటాదేమో. దావలో ఎన్ని పడిపోతాయో ఏమో," అన్నాడు నాతో.

మా ఆయన తల వంచుకుని మట్టిపెళ్ల నలుపుతున్నాడు. ఇక లాభం లేదని నేనే పోయి కంప పక్కకు లాగేశాను.

"యాడికీ వద్దన్నా. ఈడే మేపు."

"ఏందే నువ్వు చేస్తాండేది?" అని అరిచాడు మా ఆయన. అరిచాడే గానీ లేవలేదు.

పొద్దు వాలేసరికి చేను ఊడ్చినట్టయింది. అప్పుడు పడమట మబ్బు పట్టింది. ఆ ఏడు అంత నల్లటి మబ్బు చూడలేదు. చల్లగాలి కూడా లేచింది. మా ఆయన మబ్బునూ చూడలేదు, నన్నూ చూడలేదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వాన కోసమే మొక్కినదాన్ని, ఈ ఒక్క పొద్దు రావద్దు తల్లీ అని మొక్కుకున్నాను.

గాలికి మబ్బు చెదిరిపోయింది. చుట్టూ అందరి చేలూ ఎండుతుంటే, నేను హమ్మయ్య అనుకున్నాను.