పడుకునే కంబం

ఇప్పుడు ప్రతివాడి జేబులోనూ ఫోను మోగుతుంటే నమ్మబుద్ధి కాదు గానీ, ఆ రోజుల్లో, అంటే డెబ్బయ్యో దశకం చివర్లో, బెంగళూరు దాటి నాలుగు మైళ్ళు పోతే ఊరికో ఫోను ఉండటమే గొప్ప, ఉన్నది మోగితే ఇంకా గొప్ప. ఆ ఫోను పోస్టాఫీసు బల్ల మీద గుడ్డ కప్పుకొని కూర్చునేది. దానికి ప్రాణం పోసే తీగ మాత్రం పొలాల మీదుగా, చెరువుగట్ల మీదుగా, కంబం నుంచి కంబానికి వేలాడుతూ వచ్చేది. (పుస్తకాల్లో దీన్ని స్తంభం అంటారు. మా చిక్కపేట సందులో ఎవరూ అలా పిలవగా నేను వినలేదు, కాబట్టి కంబమే.) ఆ కంబాల్లో ఒక రకాన్ని కనిపెట్టిన ఘనత నాది. తక్కువ ఖర్చుతో అవుతుంది, విరిగితే ఊళ్ళోవాళ్ళే బాగుచేసుకోవచ్చు అని దాని గురించి చాలా ఏళ్ళు చాలామందికి గొప్పగా చెప్పుకొన్నాను. ఎందుకు కనిపెట్టానో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెబితే నష్టం లేదు, నన్ను ఉద్యోగంలోంచి తీసేసేవాళ్ళెవరూ మిగల్లేదు.

బొమ్మనహళ్ళిలో, హోసూరు రోడ్డు పక్కన, రేకుల కప్పు కింద మా ఆఫీసు ఉండేది. పల్లె ఫోన్లకు కావలసిన కంబాల నమూనాలు గీసి, చేయించి, పాతి చూడటం దాని పని. నేను అందులో కొత్తగా చేరిన ఇంజినీరును. మొదటి ఏడాది తాత్కాలికం. ఏడాది ముగిసేలోగా నన్ను పర్మనెంటు చేయాలా, ఇంటికి పంపాలా అన్నది మా పై అధికారి చేతిలో ఉండేది. ఆయన్ని అందరం దొడ్డ సారు అనేవాళ్ళం. (కన్నడంలో దొడ్డ అంటే పెద్ద. మనిషి మాత్రం ఐదడుగులు ఉంటాడో లేదో.) దొడ్డ సారుకు ఒక నియమం ఉండేది: కంబం ఎక్కనివాడికి కంబం గీసే హక్కు లేదు. కొత్తగా వచ్చిన ప్రతి ఇంజినీరూ ఒక్కసారైనా కంబం చివరిదాకా ఎక్కి, తీగ చుట్టే పింగాణీ కప్పును అక్కడ బిగించి, తనంతట తాను కిందికి దిగాలి. దిగాకే పర్మనెంటు కాగితం.

నాకేమో ఎత్తంటే భయం. మా మిద్దె మీద వడియాలు ఎండబెట్టినప్పుడు కాకుల్ని తోలడానికి కూడా నేను మెట్ల మీది నుంచే కేకలు వేసేవాణ్ణి. "వానికి నిచ్చెన చూస్తేనే చలిజ్వరం వస్తాది, ఏంటికప్పా వానికి ఈ కంబాల పని!" అని మా అవ్వ నవ్వేది. అదే అవ్వ బయట అరుగు మీద కూర్చొని, దారిన పోయేవాళ్ళందరికీ "మావాడు కంబాల ఇంజినీరు" అని చెప్పేది. ఉద్యోగం పోతే నాకు మిగిలేది మా మామ చీరల అంగడి. అక్కడైనా నిమ్మళంగా కూర్చుందామంటే, పై అరల్లోంచి మూటలు దించడానికి అక్కడా ఒక నిచ్చెన ఉంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్నమాట.

పది నెలలు ఏవేవో సాకులతో నెట్టుకొచ్చాను. ఒకసారి చీలమండ బెణికింది. ఒకసారి శనివారం ఉపవాసం వచ్చింది. ఒకసారి మా ఇంట్లో మైల అన్నాను. (ఎవరు పోయారని దొడ్డ సారు అడిగితే, అప్పటికే ఏనాడో పోయిన ఒక చిన్నతాతను మళ్ళీ చంపాను.) సాకులు అయిపోతున్నాయని తెలిశాక, ఒక మధ్యాహ్నం బల్ల ముందు కూర్చొని ఆలోచించాను. మనిషి కంబం ఎక్కడం కాకుండా, కంబమే మనిషి దగ్గరికి దిగివస్తే? అప్పుడు ఎవరూ ఎక్కనక్కర్లేదు, ఎక్కించే నియమమూ ఉండదు. ఆ పూట గీసిన బొమ్మే తర్వాత నా ఘనత అయింది.

అందులో పెద్ద రహస్యమేమీ లేదు. వర్తూరు వైపు ద్రాక్ష తోటల్లో పందిళ్ళకు రాతికూసాలు పాతుతారు కదా, అలాంటివి రెండు పక్కపక్కనే పాతి, వాటి మధ్య ఒక సర్వికట్టెను, అంటే పొడవాటి సరుగుడు దుంగను, నిలబెట్టి, కిందొకటి పైనొకటి రెండు బోల్టులు దూర్చి బిగించాలి. కట్టె మట్టిని తాకదు కాబట్టి చెదలు పట్టదు. విరిగితే కట్టె ఒక్కటే మార్చుకోవచ్చు. ఇనప కంబం కోసం నెలల తరబడి ఎదురుచూసే పని లేదు. అన్నిటికన్నా ముఖ్యం, చివరన మోకులు కట్టి, పై బోల్టు తీసి, మోకులు మెల్లగా వదిలితే, కింది బోల్టు మీద తిరిగి కంబం నేల మీద పడుకుంటుంది. కప్పు మార్చుకో, తీగ సరిచేసుకో, మళ్ళీ లేపి నిలబెట్టు. ఖర్చు తక్కువ, చెదలు, రైతు సౌకర్యం అని నాలుగు పేజీల నివేదిక రాశాను. నా భయం గురించి ఒక్క ముక్క రాయలేదు.

దొడ్డ సారుకు నచ్చింది. నచ్చనిది ఉడుత తాతకు. ఉడుత తాత మా ఆఫీసులో అందరికన్నా పాత లైన్‌మ్యాన్, రిటైరు కావడానికి ఒకటి రెండేళ్ళు ఉన్నాయేమో. వయసులో ఉన్నప్పుడు కంబం ఎక్కడంలో ఆయనకు సాటి లేరని ఆ పేరు వచ్చింది. నా బొమ్మ చూడగానే మండిపడ్డాడు. "కంబం వంగేదేంది సామీ! మనిషి కంబం ఎక్కల్ల. కంబమే వచ్చి మన కాళ్ళకాడ పడితే ఇంగ లైన్‌మ్యాన్ ఏంటికి? మర్యాద ఏముండాది?" అని రోజూ దెప్పేవాడు. ఒకరోజు గోడ మీది మ్యాపు దించుదామని స్టూలు ఎక్కాను. ఎక్కాక రెండు చేతులూ గోడకు ఆనించి, గుడ్లు మిటకరిస్తూ అలాగే ఉండిపోయాను. (స్టూలు ఎత్తు ఒకటిన్నర అడుగు.) తిరిగి చూస్తే తలుపు దగ్గర ఉడుత తాత. నవ్వుతాడనుకొన్నాను. నవ్వలేదు. నా చెయ్యి పట్టి దించి, తాను స్టూలు ఎక్కకుండానే ఒక కర్రతో మ్యాపు దించి, "ఎవురికీ చెప్పనులే సామీ" అన్నాడు. ఆ రోజు నుంచి దెప్పడం మానేశాడు. నా మీద జాలిపడ్డాడని నేను తేలుకుట్టిన దొంగలా ఊరుకొన్నాను.

పరీక్షకు వర్తూరు చెరువు అవతల ఒక ఊరు కుదిరింది. ఆ ఊళ్ళో జాతర తేరు చాలా ఎత్తు. తేరు వీధిలోకి వచ్చేటప్పుడు ఫోను తీగలు కత్తిరించేవాళ్ళు ఉండేవాళ్ళు గానీ, తిరిగి అతికేవాళ్ళు నెలల తరబడి కనబడేవాళ్ళు కాదు. అందుకని పడుకునే కంబమంటే ఆ ఊరి పటేలప్పకు నాకన్నా ఉత్సాహం. తేరుకు మోకులు పట్టే నలుగురు మనుషుల్ని తానే పిలిపించాడు. తీగ ఇంకా లాగలేదు, కంబం ఒక్కటే కొత్తపెళ్ళికొడుకులా నిలబడింది. కంబం చివరకు మోకులు కట్టడం కూడా అయిపోయింది. ఇక వంచడమే తరువాయి అనుకొంటుండగా, దొడ్డ సారు జీపు దిగి, రెండు కాగితాలు బానెట్ మీద పరిచాడు.

"ఒకటి కంబానికి, ఒకటి నీకు. ముందు నువ్వు ఎక్కి కప్పు బిగించి దిగు. తరువాత కంబం వంచి చూపించు. రెండు సంతకాలూ ఈడనే పెట్టేస్తా."

నేను సన్నగా అన్నాను, "సార్, ఇది ఎక్కనక్కర్లేని కంబం సార్. అదే దీని ప్రత్యేకత."

"ఎక్కనక్కర్లేదు, సరే. ఎక్కేదానికి అయితాదా, లేదా?"

అవుతుంది. దురదృష్టం కొద్దీ అవుతుంది. ఎవరికైనా అవసరం పడవచ్చని బుద్ధిమంతుడిలా రెండు వైపులా ఇనప మెట్లు కొట్టించింది నేనే. పింగాణీ కప్పు జేబులో వేసుకొని, ఆంజనేయుణ్ణి తలుచుకొని, కళ్ళు గట్టిగా మూసుకొని ఎక్కడం మొదలుపెట్టాను. కళ్ళు మూసుకొంటే ఎత్తు తెలియదని ఆ రోజే కనుక్కొన్నాను. చెయ్యి తడిమితే మెట్టు, కాలు తడిమితే మెట్టు. కాసేపటికి చెయ్యి తడిమితే గాలి తగిలింది. చివరికొచ్చానన్నమాట. కళ్ళు తెరవకుండానే కప్పు బిగించాను. కింద ఎవరో చప్పట్లు కొట్టారు. పొగడ్తకు లొంగని మనిషి ఎవడుంటాడు? కళ్ళు తెరిచాను.

వర్తూరు చెరువు మొత్తం కనబడింది. పటేలప్ప ఆవు వీపు పైనుంచి ఎలా ఉంటుందో కనబడింది. దొడ్డ సారు బట్టతల కనబడింది. కంబాన్ని రెండు చేతులా, రెండు కాళ్ళా వాటేసుకొన్నాను. ఆ తర్వాత దేవుడు దిగివచ్చి చెప్పినా వదిలేవాణ్ణి కాదు.

"దిగవయ్యా!" అన్నాడు దొడ్డ సారు.

"పరిశీలిస్తున్నాను సార్!" అన్నాను.

"ఏం పరిశీలిస్తా ఉండావు?"

"గాలి, సార్."

ఎంతసేపు గాలిని పరిశీలించానో తెలియదు. ఊరు ఊరంతా పోగయింది. తలా ఒక సలహా. కిందికి చూడొద్దన్నారు. చూడకుంటే మెట్టు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది అని అడిగే ఓపిక నాకు లేదు. కడలేకాయలు, అంటే వేరుశనక్కాయలు, అమ్మే ఆమె, "పాపం, ఆకలేమో, ఒక పొట్లం ఇసిరేద్దునా?" అంది. "ఏమప్పా, ఆడనే కాపరం పెడతావా?" అని పటేలప్ప కేకేశాడు. దొడ్డ సారు చేతిలోని కలానికి మూత పెట్టడం పైనుంచి స్పష్టంగా కనబడింది. మామ చీరల అంగడి కూడా కనబడినట్టే అయింది. కళ్ళలో నీళ్ళొచ్చాయి. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

అప్పుడు ఉడుత తాత గొంతు వినబడింది. ఊరంతా వినేలా అరిచాడు. "దొడ్డ సారూ, ఇప్పుడు చూడండి కంబం మహిమ! ఉత్త కంబాన్ని వంచితే ఏం గొప్ప? మనిషి బరువుతో వంగాల్ల. ఇంజినీరప్ప దానికే పైన కూచోనుండాడు!" నాకన్నా నా కంబం గురించి ఆయనకే ఎక్కువ తెలిసినట్టుంది. మోకుల మనుషుల్ని ఎక్కడెక్కడ నిలబడాలో నిలబెట్టాడు. "మెల్లగా అప్పా, సామి తేరులో ఉండాడనుకోండి!" అని హెచ్చరించి, నాకేసి తలెత్తి, "సామీ, రవ్వంత ఈ పక్కకు తిరుక్కో, ఈపు ఆకాశానికి ఉండల్ల. కండ్లు మూసుకో, నేనుండా" అన్నాడు. ఆ చివరి మాట అంత నెమ్మదిగా ఎలా అన్నాడో, అంత ఎత్తుకు ఎలా వినబడిందో నాకు ఇప్పటికీ తెలియదు. కళ్ళు మూసుకొన్నాను. నా కిందెక్కడో పై బోల్టును ఊడగొడుతున్న సుత్తి దెబ్బలు వినబడ్డాయి.

నా జీవితంలో అంత నెమ్మదైన ప్రయాణం ఇంకొకటి చేయలేదు. కంబం కిర్రుమంది. మోకుల మనుషులు తేరు లాగేటప్పటి అలవాటు కొద్దీ గోవింద కొట్టారు. నేను బల్లిలా కరుచుకొని, గోవిందల మధ్య, ఊరేగింపు దేవుడిలా వాలుతూ వాలుతూ వచ్చాను. ఎప్పుడు ఆగిందో కూడా తెలియలేదు. చెవి పక్కన పటేలప్ప, "నేలకొచ్చినావప్పా, ఇంగ వదులు" అంటే కళ్ళు తెరిచాను. ముక్కు ముందు గడ్డి, గడ్డి మీద చీమ. అంత అందమైన చీమను మళ్ళీ చూడలేదు.

దొడ్డ సారు నా వైపు రాలేదు, కంబం మొదలు దగ్గరికి నడిచాడు. వంగి కింది బోల్టు చూశాడు, వంకర పోలేదు. రాతికూసాలు తట్టి చూశాడు, పగల్లేదు. మోకుల మనుషుల్ని బరువైందా అని అడిగితే, "తేరు కన్నా నయం సార్" అన్నారు. కంబం కాగితం మీద సంతకం పెట్టేశాడు. రెండో కాగితం తీసి, నన్ను ఎగాదిగా చూశాడు. నేను ఇంకా గడ్డి మీదే కూర్చొని ఉన్నాను. "తనంతట తాను దిగల్ల అని కదా నియమం" అని గొణుక్కొన్నాడు. కలం కాసేపు గాలిలోనే ఉంది. తర్వాత ఏదో రాసి, సంతకం చేసి, కాగితం నా ఒళ్ళో పడేసి జీపు ఎక్కాడు. అందులో ఇలా ఉంది: "ఎక్కెను. కంబముతో సహా దిగెను. పర్మనెంటు చేయవచ్చును." (ఆ కాగితం చదివించుకొని మా అవ్వ, "రెండూ చేసినాడు చూడండి!" అని వీధంతా చెప్పింది.)

జనం పోయాక ఉడుత తాత పడుకున్న కంబం పక్కన గొంతుక్కూర్చోబోయి, కూర్చోలేక, కాళ్ళు బారచాపుకొని కూలబడ్డాడు. నేను కళ్ళు మూసుకొని బిగించిన కప్పు వంకరగా ఉందట, విప్పి మళ్ళీ బిగిస్తున్నాడు. "ఇన్నేండ్ల ఉద్యోగంలో కప్పును కూచోని బిగించేది ఇదే మొదలు సామీ" అన్నాడు. నాకేసి చూడకుండానే, కప్పు తిప్పుతూ చెప్పాడు. "మోకాళ్ళు పోయి రెండేండ్లాయ. దొడ్డ సారుకు తెలిస్తే ముందే ఇంటికి పంపుతాడు. జతగాళ్ళను ఎక్కించి నా పేరు చెప్పుకొంటా ఉండా. నీ బొమ్మ చూసి, వీడు నా కాళ్ళ సంగతి కనిపెట్టి ఎగతాళికే గీసినాడనుకొంటి. దానికే అంత అరిచింది. నిన్ను స్టూలు మీద చూసినాక గదా తెలిసింది, నువ్వు నీ కోసరం చేసుకొన్నావని." నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి. ఆయన మీద జాలిపడాలో, నన్ను చూసుకొని సిగ్గుపడాలో తెలియక చెయ్యి పట్టుకొన్నాను. "నీకు భయం, నాకు నొప్పి. ఇద్దురికీ సరిపొయ్యే కంబం చేసినావులే" అని, నా చెయ్యి ఆసరాగా లేచాడు. ఆయన రిటైరయ్యేదాకా మా ఆఫీసులో ఎవరికీ ఆ మోకాళ్ళ సంగతి తెలియలేదు.

ఆ రకం కంబాలు కొన్ని ఊళ్ళలో కొన్నేళ్ళు నిలబడ్డాయి, తేర్లు వచ్చినప్పుడల్లా పడుకున్నాయి. తర్వాత తీగలు భూమిలోకి పోయాయి, ఆ తర్వాత తీగలే పోయాయి. నేనూ రిటైరై చాలా కాలమైంది. మొన్న హాల్లో బల్బు కాలిపోతే, మా కోడలు స్టూలు తెచ్చి వేసి, "మామా, మీరు కంబాల ఇంజినీరు కదా, రవ్వంత మార్చేయండి" అంది. స్టూలు కేసి చూశాను. చీలమండ బెణికిందని నోటిదాకా వచ్చింది. ఎందుకో ఈసారి, "నాకు ఎక్కాలంటే భయమమ్మా, చిన్నప్పటి నుంచీ" అనేశాను. ఆ పిల్ల నవ్వలేదు, ఆశ్చర్యపోలేదు. "అయితే పట్టుకోండి" అని స్టూలు నా చేత పట్టించి, తానెక్కి, రెండు నిమిషాల్లో బల్బు మార్చి దిగిపోయింది. ఆ వెలుగులో కూర్చొని నాలో నేనే చాలాసేపు నవ్వుకొన్నాను. ఇంత చిన్న మాట నోరు తెరిచి చెప్పలేక, ఆ వయసులో నేను ఏకంగా ఒక కంబాన్ని కనిపెట్టాను.