అత్తగారికి మోత ఉన్న ఓడే కావాలి

"ఆ తుప్పు డబ్బాలో మళ్ళీ కాలు పెట్టేది లేదు! కావాలంటే నువ్వొక్కదానివే పో!"

"పోతాను! మీరు ఒడ్డున నిలబడి చెయ్యూపండి, చాలు!"

"కిటికీ లేదు, గాలి లేదు, కింద ఇంజను గడగడా గడగడా... అది గదా, బాయిలరా?"

"వారమంతా ఆ బాయిలర్లో గురకపెట్టి పడుకున్నది ఎవరో మరి?"

మేడమెట్ల మీద, మూసిన తలుపు ముందు, అల్లుడు నిలబడిపోయాడు. తలుపు కొడదామంటే రెండు చేతులా అద్దం. అత్తగారి వంటింటి కిటికీకి పగిలిన పలక తీసేసి కొత్తది బిగించడానికి తెచ్చాడు. కింద ఆనిద్దామంటే మెట్టు సన్నం, జారిందంటే అంతే సంగతులు. కాలితో తన్నుదామంటే అత్తవారి తలుపు. కాబట్టి నిలబడి విన్నాడు. వినకుండా ఉండటం ఎవరి తరమూ కాదు కూడా. ఆ ఇంటి మొగుడూ పెళ్ళాల మాట వీధి మలుపులో మందుల షాపు దాకా వెళ్ళి వస్తుంది. బతుకంతా మరమగ్గాల షెడ్డులో గడిపిన మనుషులు. గొంతు తగ్గించే విద్య వాళ్ళకెవరూ నేర్పలేదు.

గొడవ దేని గురించో అతనికి తెలుసు. కొన్ని వారాలుగా ఇదే పాట. మగ్గాలు అమ్మేసి షెడ్డుకి తాళం వేసిన ఏడాది వాళ్ళిద్దరూ మొదటిసారి ఓడెక్కి, వారం పాటు సముద్రం మీద తిరిగొచ్చారు. మళ్ళీ వెళ్ళాలని ఇద్దరికీ ఉంది. అంతవరకూ ఒక్క మాటే. ఏ కంపెనీ ఓడ అనే దగ్గరే ఒకరు ఎడ్డెమంటే ఒకరు తెడ్డెమంటున్నారు. మామగారికి కొత్త కంపెనీ కావాలి. తెల్లటి పెద్ద ఓడ, గదికో బాల్కనీ, గదిలో గుండుసూది పడినా వినిపించేంత నిశ్శబ్దమని కంపెనీవాళ్ళే డప్పు కొట్టుకున్నారు. అత్తగారికి పాత కంపెనీ కావాలి. పాత కంపెనీలో మంచి ఓడ కూడా కాదు, ఆ పాత ఓడే. పాత ఓడలో మంచి గది కూడా కాదు, అట్టడుగున ఇంజను నెత్తిమీద ఉన్న ఆ కిటికీ లేని గదే.

అల్లుడి బుర్రకి ఎక్కనిది ఇదే. మేలురకం కావాలని పోట్లాడేవాళ్ళు తన అద్దాల కొట్టుకి రోజూ వస్తారు. చవకరకం కావాలని పోట్లాడేవాళ్ళూ వస్తారు. రెండింటికీ ఇంచుమించు ఒకే ధర అయినప్పుడు, నాసిరకమే కావాలని మంకుపట్టు పట్టే మనిషి ఇంతవరకూ తగల్లేదు. తగిలితే తగిలింది, అత్తగారే తగలాలా?

"తలుపు తియ్యండి అత్తయ్యా! చేతులు ఊడిపోతున్నాయి!"

తలుపు తెరుచుకుంది. "ఎంతసేపయింది బాబూ వచ్చి?"

"తుప్పు డబ్బా దగ్గర్నుంచి ఇక్కడే ఉన్నాను."

"అయితే అంతా విన్నావు. మంచిదే, మళ్ళీ చెప్పే పని తప్పింది," అన్నారు మామగారు లోపల్నించి. ముందుగది బల్ల మీద రెండు కంపెనీల రంగుల పుస్తకాలూ పక్కపక్కన పరిచి ఉన్నాయి. కొత్త కంపెనీ పుస్తకం అంచులు ఆయన చేతివేళ్ళకి నలిగిపోయాయి. "అల్లుడూ, నువ్వు ఏది అంటే అదే. ఈ వారంలో తేల్చకపోతే రెండూ పోతాయట. నీ మాట ఈవిడ వింటుంది."

"ఆ, వింటాను. ఏది అనాలో కూడా చెప్తాను," అంది అత్తగారు.

అడకత్తెరలో పోకచెక్కలా అల్లుడు అద్దం పట్టుకుని వంటింట్లోకి జారుకున్నాడు.

వంటింటి కిటికీ అవతల పక్క మేడ గోడ. చెయ్యి చాపితే అందేంత దగ్గర. పగలు కూడా అక్కడ చీకటే. అతను పాత లప్పం గీకుతుంటే అత్తగారు వెనకాల గిన్నెలు కడుగుతోంది. కాసేపు ఓపిక పట్టాడు. అతని ఓపిక ఎప్పుడూ కాసేపే.

"అత్తయ్యా, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి."

"అలా అన్నావంటే అనుకునేదే అడుగుతావు. కానీ."

"నీళ్ళు చూస్తే భయమా? అందుకని కిటికీ వద్దంటున్నారా?"

"భయమైతే ఓడెందుకు, బస్సెక్కుతాను."

"పోనీ అక్కడ తిండి బాగుందా?"

"ఉప్పుంటే కారం లేదు, కారముంటే ఉప్పు లేదు."

"పనివాళ్ళు బాగా చూసుకున్నారా?"

"ఏ ఓడలోవాళ్ళైనా చూసుకుంటారు. దిగేలోపు మనం చెయ్యి తడుపుతామో లేదో అని చూసుకుంటారు."

"మరి ఆ గది ఎందుకండీ?"

"అక్కడైతే నాకు నిద్ర పడుతుంది."

"వారమంతా కునుకు లేదని మీ అమ్మాయితో అన్నారట?"

అత్తగారు కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది. "నువ్వు అద్దం బిగించడానికి వచ్చావా, ఆరా తియ్యడానికి వచ్చావా? కాలేజీ సగంలో వదిలేసినవాడివి, దీన్ని కూడా సగంలో వదిలెయ్యి."

అల్లుడు నవ్వాడు గానీ వదల్లేదు. అద్దాన్ని చట్రంలో కూర్చోబెట్టి, చుట్టూ చెక్కపట్టీ ఆనించి, స్క్రూలకి కన్నాలు పెట్టడానికి డ్రిల్లు అందుకున్నాడు. మీట నొక్కగానే వంటిల్లు హోరెత్తింది. గోడకి తగిలించిన గరిటెలు కూడా ఆ హోరుకి తోడు పాడాయి.

అప్పుడు కనిపించింది. అవతల గోడ చీకటి వల్ల కొత్త అద్దం అచ్చం నిలువుటద్దంలా ఉంది. అందులో తన భుజం వెనకాల, గుమ్మంలో మామగారు. ఆయన కుడిచెయ్యి పైకి లేచింది. రెండు వేళ్ళు గాల్లో టకటకా నడిచాయి, ఆగాయి, తల గోక్కున్నాయి. తర్వాత అరచెయ్యి బోర్లించి దానికింద చూపుడువేలితో పొడుచుకుంటూ పోయారు. కనుబొమలు ఒకటి పైకి, ఒకటి కిందికి. పెదాలు చప్పుడు లేకుండా ఆడుతున్నాయి. తడిచేతిని నోటికి అడ్డం పెట్టుకుని అత్తగారు నవ్వింది. నవ్వి, తనూ గాల్లో ఏదో చుట్టి, విసిరింది. దానికి ఆయన గుమ్మం పట్టుకుని ఊగిపోయారు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆ ముఖం మీద అలాంటి నవ్వు అల్లుడు చూడలేదు.

మీట వదిలాడు. హోరు ఆగింది. అద్దంలో నాలుగు చేతులూ దారం తెగినట్టు కిందికి వాలాయి.

"ఏం కావాలి?" అంది అత్తగారు.

"టీ," అన్నారు మామగారు.

అంతే.

అల్లుడు మళ్ళీ నొక్కాడు. చేతులు లేచాయి. వదిలాడు. వాలాయి. పెట్టాల్సిన కన్నాలు అయిపోయాయి. సంచిలోంచి పనికిరాని చెక్కముక్క ఒకటి తీసి, వాళ్ళకి కనపడకుండా పొట్టకి అడ్డంగా పట్టుకుని దాన్ని తూట్లు పొడవసాగాడు. అద్దంలో మామగారు ఎవరి నడకో నడుస్తున్నారు, ఎవరి బొజ్జో నిమురుతున్నారు, ఎవరికో సలాం కొట్టి వాళ్ళు వెనక్కి తిరగ్గానే నాలుక బయటపెడుతున్నారు. ఒక్క మాట అర్థం కాకపోయినా అల్లుడికే నవ్వు ఆగడం లేదు. చెక్కముక్క పొట్టు పొట్టయింది. ఇక పట్టుకోవడానికి ముక్క లేదు.

"మామయ్యా, స్క్రూలు చాలవు. కింద షాపులో కాసిని తెస్తారా?" అన్నాడు. జేబులో గుప్పెడున్నాయి. ఉంటే ఉన్నాయి.

మామగారు చెప్పులేసుకుని దిగిన చప్పుడు వినపడేదాకా ఆగి, ఇటు తిరిగాడు. "ఇందాక ఏమంటున్నారు?"

"ఎవరు? ఎప్పుడు?"

"డ్రిల్లు తిరుగుతున్నప్పుడు. అద్దంలో చూశాను అత్తయ్యా. దాచకండి."

అత్తగారు సిగ్గుపడింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. "నీ గురించే. నీ అల్లుడు కిటికీ బిగిస్తున్నాడా, జల్లెడ చేస్తున్నాడా అని."

"మరి మీరేమన్నారు?"

"మీ అల్లుడు కూడానూ అన్నాను."

ఆ తర్వాత ఆవిడ తనంతట తనే స్టూలు లాక్కుని కూర్చుంది. షెడ్డులో మగ్గాలన్నీ ఆడుతుంటే మన దగ్గు మనకే వినపడదట. అక్కడ ఎవరికీ నోటితో పనిలేదు. పెదాలూ, చేతులూ, కళ్ళూ. ఒక కన్ను దారం మీద, ఒక కన్ను ఎదుటివాళ్ళ మీద. నడిమి దారికి అటు వరసలో ఆయన, ఇటు వరసలో ఈవిడ.

"ఆయన్ని అక్కడ ఏమని పిలిచేవారో తెలుసా? రేడియో."

"మామయ్యనా?" 'వచ్చావా', 'తిన్నావా', 'సరే' దాటి నాలుగో మాట ఆయన నోట తను విన్నది ఈ ఓడల గొడవలోనే.

"మామయ్యనే. పొద్దున ఒక కథ ఎత్తుకుంటే షిఫ్టు దిగేదాకా నడిపేవారు. మధ్యలో దారం తెగితే వెళ్ళి ముడేసి వచ్చి, ఆపిన చోటే మళ్ళీ అందుకునేవారు. ఒక్క ముక్క అటూ ఇటూ పోయేది కాదు. అప్పటికి మాకు సొంత మగ్గాలు లేవు కదా, ఓనరు ఎలా నడుస్తాడు, మేస్త్రీ ఎలా తుమ్ముతాడు, అన్నీ. ఆ చేతులు చూసే నేను పెళ్ళికి ఒప్పుకున్నాను. అప్పటికి ఆయన గొంతు ఎలా ఉంటుందో కూడా వినలేదు."

"విన్నాక?"

"విన్నాక ఏం చేస్తాం, పెళ్ళయిపోయింది." ఆవిడ నవ్వింది. "నోటితో ఆయనకి రెండే వచ్చు బాబూ. బేరం, పోట్లాట. షెడ్డు మూశాక బేరం కూడా పోయింది."

"ఇంట్లో కూడా చేతులతో మాట్లాడుకోవచ్చు కదా? ఎవరొద్దన్నారు?"

"చేసి చూశానుగా. ఒకసారి భోంచేస్తూ చెయ్యెత్తి ఏదో అన్నాను. 'నోరు పడిపోయిందా?' అన్నారు. మోత లేకపోతే ఆయనకి సిగ్గు. నడివీధిలో చొక్కా విప్పి నిలబెట్టినట్టు అయిపోతారు."

అల్లుడికి ఓడ గది ఇప్పుడు కళ్ళముందు కనపడింది. మొదటిరోజు ఇంజను అందుకోగానే మంచాలు అదిరాయి, గ్లాసులు మోగాయి. ఆయన మంచం అంచున కూర్చుని చుట్టూ చూసి, మెల్లగా చెయ్యెత్తి, 'నీ వైపు దారం తెగింది చూసుకో' అన్నారట. అంతే, గేట్లెత్తేశారు. వారమంతా ఆగలేదు. పైన పాటలట, ఆటలట, ఈతకొలనట. వీళ్ళు ఏదీ చూడలేదు. "సముద్రం మీదకి వెళ్ళి సముద్రం చూడకుండా వచ్చింది మేమే అయ్యుంటాం," అంది అత్తగారు.

"ఇదంతా మామయ్యకి చెప్పేస్తే పోయేదానికి ఇంత గొడవెందుకండీ?"

"చెప్తే? నేను చేతుల వంకే చూస్తున్నానని తెలిస్తే ఆ చేతులు మళ్ళీ లేస్తాయా? అసలు సంగతి అది కూడా కాదు. దిగే రోజు పొద్దున్న ఒకటి ఎత్తుకున్నారు. మీ ఆవిడ ఇంకా పుట్టలేదు అప్పటికి. ఒకరోజు నాకు చెప్పకుండా సంచి సర్దుకుని స్టేషనుకి వెళ్ళారట. ఇంక తిరిగి రాకూడదని. టికెట్టు కొన్నారట. రైలొచ్చిందట. సంచి లోపల పెట్టి, తను ఎక్కబోతూ..."

ఆవిడ చెయ్యి గాల్లో, లేని రైలు కమ్మీ పట్టుకుని ఆగింది.

"ఎక్కబోతూ?"

"ఓడ రేవులోకి వచ్చేసింది. ఇంజను ఆపేశారు. చేతులు దించేశారు."

"అయ్యో! తర్వాత అడగలేదా?"

"అడక్కేం. 'ఏం లేదు, ఊరికే' అంటారు. పక్కింటివాళ్ళ సంగతి అయినట్టు. మిక్సీ వేసి కూడా చూశాను. ఏమీ రుబ్బకుండా తిప్పీ తిప్పీ మోటారు కాలిపోయింది."

"అందుకా కొత్త మిక్సీ! పోనీ ఈ డ్రిల్లు ఇక్కడ పెట్టి వెళ్ళనా?"

"డ్రిల్లు పట్టుకునేవాడు పక్కన నిలబడి ఉంటే పెళ్ళానికి అలాంటి సంగతి చెప్తాడా ఏ మొగుడైనా?"

అదీ నిజమే. అల్లుడు నోరు మూసుకుందామనుకున్నాడు, ఆగలేకపోయాడు. "మీకు కోపం రాలేదా? వదిలేసి పోదామనుకున్నారని తెలిశాక?"

"పోదామనుకోనివాళ్ళెవరు బాబూ? నేనూ అనుకున్నాను. స్టేషను దాకా వెళ్ళే తీరిక దొరక్క ఊరుకున్నాను." కొంగు అంచుని వేలికి చుట్టుకుని విప్పింది. "ఎందుకు పోబోయారో నాకు అక్కర్లేదు. ఆ రోజుల్లో పోవడానికి వంద కారణాలున్నాయి. రైలు దాకా వెళ్ళినవాడు ఎందుకు తిరిగొచ్చాడు? అది వినాలి నేను. వినకుండా పోతానేమోనని భయంగా ఉంది."

అల్లుడు పుట్టీ కత్తి కింద పెట్టాడు. "అయితే పాత ఓడే ఖాయం చేసేస్తాను. మామయ్య రెండ్రోజులు అలుగుతారు, అంతేగా."

"వద్దు." ఆవిడ గబుక్కున అంది. "ఆయన్దీ తప్పు కాదు. రెండు చెవులూ మగ్గాలకి ధారపోసిన మనిషి. బాల్కనీలో కూర్చుని ఒక్క వారం అలల చప్పుడు వినాలని ఆశ. ఆ పుస్తకం ఎలా నలిగిందో చూశావుగా. పోట్లాడుతున్నాను గానీ, అది లాక్కోవడానికి నాకు మనసొప్పట్లేదు."

కింద గేటు కిర్రుమంది. మెట్ల మీద మామగారి చెప్పులు మొదలయ్యాయి. అత్తగారు స్టూలు మీంచి లేచి, అల్లుడి మోచెయ్యి పట్టుకుంది.

"ఆయన చెప్పిన కంపెనీయే తీసుకో. బాల్కనీ గదే తీసుకో. కానీ ఎంత గొప్ప ఓడకైనా ఇంజను ఉండాలి కదా? దాని మోత ఎక్కడో ఓ మూల తేలకుండా ఉంటుందా? ఎక్కొచ్చినవాళ్ళు ఫోనులో కంపెనీని తిడుతూ రాస్తారట, మీ ఆవిడ చెప్పింది. ఆ తిట్లన్నీ ఓపిగ్గా చదువు. బాల్కనీలో సముద్రం బాగుంది గానీ గదిలో గోడలు అదిరిపోయాయి, ఒకరి మాట ఒకరికి వినపళ్ళేదు, మా డబ్బు మాకిచ్చెయ్యండి అని ఎవరు ఎక్కువ ఏడ్చారో చూడు. ఆ గది నాకు ఇప్పించు బాబూ. ఆయన అడిగితే అదొక్కటే మిగిలిందని చెప్పు."