పొగ వేసే గదిలో జిమ్మి

“బిడ్డను చూస్తే చాలు గుర్రుమంటున్నది. గిసొంటి కుక్కను ఇంట్ల ఉంచుకుంటరా? రేపు పొద్దుగాల ఆటో వస్తది, పెద్దమందడి చేను కాడికి పంపిస్త” అంది అనసూయమ్మ.

“పిల్లగున్నప్పటి సంది నేను పెంచిన అత్తమ్మా. ఇప్పటిదాంక ఎవర్నీ కరవలే. చేనుకాడ దాన్ని ఎవరు చూస్తరు?” అంది కోడలు స్వప్న.

“కరిచినంక చెప్తవా?”

నిరుడు చలికాలం మాట ఇది. వనపర్తిలో ఆ ఇంటికి బిడ్డకు నీళ్లు పోయడానికి పోతుండేదాన్ని. బాలింతల ఇళ్లలో పసిపిల్లలకు నూనె పట్టించి, కాళ్ల మీద పడుకోబెట్టుకుని నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేయడం నా పని. బడికి పోయింది రెండో తరగతి దాకే. ఈ పని మా అత్త దగ్గర నేర్చుకున్నాను, ఇప్పటికీ చేస్తున్నాను.

ఈ పనికీ కుక్కలకూ ఏం సంబంధం అంటారేమో. పీట మీద కాళ్లు చాపి కూర్చుని, కాళ్ల మీద నూనె రాసిన బిడ్డ ఉంటే నేను లేవలేను. ఏదైనా మీదికి వస్తే తప్పుకోలేను. అందుకే కూర్చునే ముందే ఆ ఇంటి కుక్కను చూసుకోవడం అలవాటైంది. తోక ఊపితే చాలు మంచిదనుకుంటారు జనం. అది సరికాదు. నడుము కూడా ఊగేలా వదులుగా ఊపితే సంతోషం. తోక నిలబెట్టి, బిగబట్టి, కొస మాత్రమే ఆడిస్తే దగ్గరికి పోకూడదు. కడుపు కిందికి ముడుచుకుంటే భయం. నిద్ర రాకున్నా ఆవలిస్తుంటే, ఏమీ తినకున్నా మూతి నాక్కుంటుంటే దానికి నెమ్మది లేదని అర్థం.

“నువ్వు చెప్పవ్వా, ఎన్ని ఇండ్లు చూడలే నువ్వు” అని అనసూయమ్మ నన్ను మధ్యలోకి లాగింది. నాకు కుక్కల మీద ముద్దేమీ లేదు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో అనుమానమున్న కుక్క ఉండకూడదనే నేనూ అంటాను. కానీ చూడకుండా మాట ఇవ్వను. పని కానివ్వు, చూసి చెప్తానన్నాను.

నూనె రాసేటప్పుడు వాళ్ల కుక్క జిమ్మి గడప దగ్గర పక్కకు ఒరిగి, కాళ్లు చాపుకుని పడుకుంది. నీళ్లు పడగానే బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. జిమ్మి ఒక చెవి కదిలించింది, అంతే. బిడ్డంటే గిట్టని కుక్క అంత నిబ్బరంగా పడుకోదు.

స్నానం అయ్యాక అనసూయమ్మ బిడ్డను తువ్వాలలో చుట్టుకుని లోపలి గదిలోకి పోయింది. జిమ్మి కూడా వెంట వచ్చింది. చలిగాలి తగలకుండా స్వప్న తలుపూ కిటికీలూ మూసింది. నేను నిప్పులున్న మట్టి మూకుడు తెచ్చి మంచం ముందు పెట్టి సాంబ్రాణి చల్లాను. చిటికెడే. గుప్పెళ్లు చల్లితే బిడ్డకు దగ్గు, ఇంటికి దండగ.

రోజూ అప్పుడు నా చూపు నిప్పుల మీదే ఉండేది, ఆ రోజు కుక్క మీద పెట్టాను. జిమ్మి తోక కడుపు కిందికి పోయింది. చెవులు వెనక్కి అంటుకుపోయాయి. కళ్లలో తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తోంది. ఆ చూపు బిడ్డ మీద లేదు, మూకుడు మీద ఉంది. తలుపు దాకా పోయింది, మూసి ఉంది. వెనక్కి వచ్చి మంచం పక్క మూలలో ఇరుక్కుంది. బిడ్డను పొగకు చూపిద్దామని అనసూయమ్మ ఆ మూలవైపే కదిలింది. జిమ్మి గుర్రుమంది.

అనసూయమ్మ చీపురు కోసం చెయ్యి చాపింది.

“ఆగు, కొట్టకు. బిడ్డను నాకియ్యి. స్వప్నా, నువ్వు తలుపు తియ్యి” అన్నాను.

తలుపు తీయగానే జిమ్మి గోడ వెంబడి జారుకుని బయటికి పోయింది. బిడ్డ వైపు కన్నెత్తి చూడలేదు.

దీనికి నిప్పుతో ఏమన్నా జరిగిందా అని అడిగాను. దీపావళికి వీధిలో పిల్లలు కాల్చిన చిచ్చుబుడ్డి రవ్వలు పడి వీపు కాలిందని, అప్పటినుంచి పొగ వాసన వస్తే బయటికి ఉరుకుతుందని స్వప్న చెప్పింది. బిడ్డ పుట్టిన హడావుడిలో ఆ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

“ముందట నిప్పు, ఎనక గోడ, తలుపేమో మూసున్నది, మీదికి నువ్వొస్తున్నవ్. యాడికి పోవాలె అది?” అన్నాను.

“రేపు నిజంగనే కరిస్తే నువ్వొచ్చి చూస్తవా అవ్వా?” అంది అనసూయమ్మ.

ఆ మాటలో తప్పు లేదు, మనవరాలు ఆమెది. “నేను పూచీ పడ. ఎంత మంచి కుక్కయినా బిడ్డ కాడ ఒంటిగ ఇడవొద్దు. పొగకు ముందు బయటికి తోలు. గుర్రుమన్నందుకు మాత్రం కొట్టకు. కొడ్తే గుర్రుమనుడు బంద్ చేసి సీదా కరుస్తది” అన్నాను.

కుక్క ఒంటిని చదవడం ఒక్కటే చాలదని అక్కడ తెలిసింది. దాని చూపు ఎటుందో, బయటికి పోయే దారి తెరిచి ఉందో లేదో కూడా చూడాలి. ఇప్పుడు ఏ ఇంటికి పోయినా ముందు అదే చూస్తాను.

మర్నాడు పొద్దున నేను పోయేసరికి ఆటో వచ్చి ఉంది. అనసూయమ్మ డ్రైవరుకు చాయ్ ఇచ్చి, కుక్కను పంపడం లేదని చెప్పి ఆటోను తిప్పి పంపింది. నేను నిప్పులు తేకముందే తానే జిమ్మిని పెరట్లోకి పంపి గడియ పెట్టింది. పొగంతా పోయాక తలుపు తీశాం. జిమ్మి గడప దాకా వచ్చి, లోపల వాసన చూసి, మళ్లీ పెరట్లోకే పోయి ఎండలో పడుకుంది.