కేరేజీలమ్మ క్లెయిము కేసు

మా అమ్మని మినీబస్సు గుద్దిన మర్నాడు పొద్దున్న, ఆసుపత్రి వార్డులోకి డాక్టరు కంటే ముందు వకీలు వచ్చాడు. నల్లకోటు చంకలో, బత్తాయిల సంచీ చేతిలో. మేం పిలవలేదు. సుపేలా రోడ్డు మీద బండికి బండి తగిలితే చాలు, ఆయనకి కబురెళ్లిపోతుందని తర్వాత తెలిసింది. అమ్మ కట్టు వైపు చూసి, "దాహినా హాథ్?" అని అడిగాడు. కుడిచెయ్యే అని నాన్న అనగానే మహానుభావుడి మొహం ఎలా వెలిగిందో నేను కళ్లారా చూశాను. ఎడమచెయ్యి అయితే కేసుకి అంత బలం ఉండదట. ఆ బత్తాయిలు కూడా పుచ్చినవే.

అమ్మ ఆ ఆదివారం మినప్పప్పు కోసం సుపేలా బజారుకి వెళ్లింది. ఆటో దిగుతూ కమ్మీ పట్టుకుని ఉండగా, వెనకనుంచి వచ్చిన మినీబస్సు పక్కకి రాసుకుంటూ పోయింది. ఆటోకీ బస్సుకీ మధ్య చెయ్యి నలిగిపోయింది. రెండు ఆపరేషన్ల తర్వాత కూడా వేళ్లు ముడుచుకోలేదు. గరిట పెడితే జారిపోయేది.

గరిటే ఎందుకు చెప్తున్నానంటే, అమ్మ బతుకంతా దాని మీదే ఉండేది. మాది ఛత్తీస్‌గఢ్‌లో, ఉక్కు ప్లాంటువాళ్లిచ్చిన రెండు గదుల క్వార్టరు. నాన్న రోలింగ్ మిల్లులో చేసేవాడు. అమ్మ ఆ క్వార్టరు వంటింట్లోంచి రెండుపూటలా ఎనిమిది కేరేజీలు పంపేది. తినేవాళ్లంతా శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి కాంట్రాక్టు పనుల మీద వచ్చి, కోహ్కా బస్తీలో గదికి నలుగురు చొప్పున సర్దుకున్న మగాళ్లు. అమ్మకి "కేరేజీలమ్మ" అని పేరు పడింది. స్కూల్లో నాకూ ఒక పేరు పడింది, "డబ్బేవాలీ కీ బేటీ" అని, అంటే డబ్బాలావిడ కూతురు. ఆ పేరు వింటే చచ్చిపోవాలనిపించేది. అదే డబ్బాల మీద నా స్కూలు ఫీజు కట్టారు, కాలేజీలోనూ చేర్పించారు, అయినా సరే.

క్వార్టర్లో వ్యాపారం చెయ్యకూడదని రూలు. ఎవరు పాటించారు కనక? ఒకరింట్లో చీరలు, ఒకరింట్లో ట్యూషన్లు, ఇంకొకరింట్లో కోళ్లు. అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. చేస్తే తప్పు కాదు, కాగితం మీదికి ఎక్కితేనే తప్పు.

వకీలు క్లెయిము కేసు వేశాడు. వచ్చేదాంట్లో ఆయన వాటా ఎంతో ముందే మాట్లాడేసుకుని, మమ్మల్ని కూర్చోబెట్టి పాఠం చెప్పాడు. మనిషి సంపాదన ఎంత పోయిందో చూసే పరిహారం కడతారు, ఉత్తి గృహిణి అంటే ఏదో ముష్టి పడేస్తారు, కాబట్టి కేరేజీల సంగతి రాద్దాం, తిన్నవాళ్లు ఇద్దరొచ్చి సాక్ష్యం చెబితే చాలు అన్నాడు. అంతటితో ఊరుకోకుండా, "జడ్జి ముందు గ్లాసు ఎత్తబోయి కింద పడేయండి మాతాజీ" అని నటన కూడా నేర్పబోయాడు.

"నా చెయ్యి నిజంగానే పోయింది కదేటి, మళ్లీ దొంగగా పోవడం ఎందుకు?" అంది అమ్మ. తర్వాత నా వైపు తిరిగి, "ఒలే, ఆ బాబుతో సెప్పు. డబ్బు ఎంతిచ్చినా పర్లేదు. నానేటి సేసీదాన్నో కోర్టు కాగితం మీద రాయించమను. ఇరవై ఏళ్లు వొండినాను. ఎక్కడా ఒక్క ముక్క లేదు" అంది.

అదీ అమ్మ అడిగింది. అంతకుమించి ఆవిడ ఎవర్నీ ఏమీ అడగలేదు.

సాక్షుల కోసం నేనూ నాన్నా కోహ్కా వెళ్లాం. ఆ ఎనిమిదిమందిలో ఒకాయన, ముద్ద నోట్లో పెట్టుకున్న ప్రతిసారీ "వదినా, మా అమ్మ చేతి వంటే" అని కళ్లనీళ్లు పెట్టుకునే ఘనుడు, మమ్మల్ని చూసి లుంగీ సర్దుకుంటూ లేచాడు. "అన్నా, కోర్టంటే సెలవు దొరకదు గదా" అన్నాడు. రెండోవాడికి మేస్త్రీ ఒప్పుకోడట. మూడోవాడు, "మా పేరు కాగితంలో ఎందుకులే" అని నేల చూపులు చూశాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లని విన్నాను గానీ, ఆ ఇంట్లో తిన్నామని చెప్పడానికే జంకేవాళ్లని అక్కడే చూశాను. ఛీ. వాళ్లలో నలుగురు అమ్మ ఆసుపత్రి నుంచి వచ్చిన నెలకే మళ్లీ డబ్బాలు పంపారు. అమ్మ ఎడమచేత్తో వండి కట్టింది కూడా. కూరలు నేను తరిగేదాన్ని, విసుక్కుంటూ.

దుర్గ్ కోర్టులో మొదటి వాయిదాకి అమ్మకి రెండో ఆపరేషన్ పడింది, అందుకని నాన్న బోనెక్కాడు. ఇన్సూరెన్సు తరఫు వకీలు నున్నగా గెడ్డం గీసుకుని, అత్తరు రాసుకుని, పెళ్లికొచ్చినట్టు వచ్చాడు. యాక్సిడెంటు గురించి ఒక్క ముక్క అడగలేదు.

"మీరుండేది కంపెనీ క్వార్టరేనా?" అన్నాడు.

"హా సాబ్."

"అందులో హోటలు నడపడానికి కంపెనీ అనుమతిచ్చిన కాగితం ఉందా?"

ఇరవై ఏళ్లు షిఫ్టుకి వెళ్తూ నాలుగు కేరేజీలు సైకిలు హేండిలుకి తగిలించుకుని స్వయంగా మోసిన మా నాన్న, బోను చెక్క గట్టిగా పట్టుకుని, "నై సాబ్, హోటల్ వోటల్ కుఛ్ నై. ఘర్ మే రహతీ హై" అన్నాడు. అంటే, ఆవిడ ఇంట్లో ఉంటుంది, అంతే. అత్తరు వకీలు తలాడించి కూర్చున్నాడు.

బస్సులో నేను నాన్నని కడిగేశాను. "క్వార్టరు పోతే ఎక్కడ తల దాచుకుంటావే? నీకేటి తెలుసు?" అన్నాడు. క్వార్టరు ఖాళీ చెయ్యమని కంపెనీ నోటీసంటే ఆయనకి యముడి పిలుపే. నాకు జాలి కలగలేదు, అసహ్యం వేసింది. పెళ్లాం చెమటని కోర్టులో తుడిచేసిన మనిషి అని మొహం మీదే అన్నాను. రెండు నెలలు ఆయనతో మాట్లాడలేదు. అంత నిప్పులాంటి దాన్ని నేను.

మా వకీలు మాత్రం నిబ్బరంగా ఉన్నాడు. ఆమె నోటితో ఆమె గట్టిగా చెబితే ఇంకా నిలబెట్టొచ్చు, అంతా ఆమె చేతిలోనే ఉంది అన్నాడు. ఎవరి చెయ్యి గురించి మాట్లాడుతున్నాడో వెధవకి తట్టలేదు.

అమ్మ వాయిదా రోజున జరీ అంచు నేతచీర కట్టుకుంది. ఎడమచేత్తో కుచ్చిళ్లు పెట్టుకోవడానికి అరగంట పట్టింది, నన్ను ముట్టుకోనివ్వలేదు. సుపేలా కూరగాయలవాళ్లతో ఛత్తీస్‌గఢీలో బేరమాడి గెలిచే మనిషే, అయినా కోర్టులో తెలుగులోనే చెప్తానంది. "ఒంకాయలు బేరమాడీ మాటల్తో నా పని సెప్పుకోలేను. ఒక్క ముక్క తప్పు పోకూడదు. నువ్వు సదువుకున్నావు, నువ్వు హిందీలో సెప్పు" అంది నాతో.

సొంత కూతురు మాట మార్చి చెబుతుందేమోనని అవతలి వకీలు అడ్డుపడాలి. పడలేదు. మొగుడు ఇచ్చిన సాక్ష్యం జేబులో ఉంది, ఆయనకేం?

జడ్జిగారు మర్యాదగానే అడిగారు, ఏం పని చేసేవారమ్మా అని. అమ్మ గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. తెల్లారగట్ల నాలుగింటికి లేవడం, ముందురోజు నానబోసిన పప్పు రుబ్బడం, ఎవరికి ఉల్లి పడదో, ఎవరికి పులుపు పడదో, ఎవడు జ్వరం పడితే జావ కాచి పంపిందో, వర్షాకాలం బొగ్గు తడిస్తే ఏం చేసిందో. ఒక్కరోజు కూడా డబ్బా ఆలస్యం కాలేదని. నాన్న సాక్ష్యాన్ని ఒక్క మాట అనలేదు, తన పని మాత్రమే చెప్పింది. అంత చక్కగా అమ్మ మాట్లాడగా నేను అంతకుముందు వినలేదు.

అప్పుడు వెనక బెంచీలో ఒక కుర్ర వకీలు పక్కవాడి చెవిలో "డబ్బేవాలీ" అన్నాడు. నవ్వారు. ఇద్దరే. పెద్దగా కూడా కాదు.

జడ్జిగారు నా వైపు చూశారు. నేను, "ఘర్ మే రహతీ హై, సర్. కుఛ్ నహీ కర్తీ" అన్నాను.

ఏమీ చెయ్యదు అని.

ఆయన కళ్లజోడు తీశారు. "ఇంతసేపు మాట్లాడింది, ఇంతేనా?" అన్నారు.

"అంతే సర్. అదే మాట తిప్పి తిప్పి చెప్తోంది."

టైపు మిషను టకటకా కొట్టుకుంది. అమ్మకి నా హిందీ ప్రతి ముక్కా అర్థమైంది. నన్ను చూసింది. పదిమందిలో కూతుర్ని అబద్ధాలకోరుని చెయ్యలేక నోరు మూసుకుందని ఇప్పుడనుకుంటాను. క్వార్టరు పోతుందని భయపడి అలా అన్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అదీ అబద్ధమే. సిగ్గుపడి అన్నాను. నాన్నది కనీసం భయం. వకీళ్లనీ, ఆ తిండిపోతుల్నీ, నాన్ననీ ఇంతసేపు తిట్టిపోశానే, వాళ్లందర్నీ ఒక తక్కెట్లో పెట్టి నన్నొక్కదాన్నీ రెండోదాంట్లో పెడితే నాదే కిందికి దిగుతుంది.

అమ్మ ఇంటికొచ్చి చీర మార్చుకుని వరండాలో కుర్చీలో కూర్చుంది. సాయంత్రం డబ్బాల కోసం కోహ్కా నుంచి మనిషొచ్చాడు, మా అమ్మ చేతి వంటే అనే ఆ ఘనుడే.

"లేవు బాబూ" అంది అమ్మ.

"ఏటి వదినా, ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది. నానేటీ సెయ్యనని మావోళ్లు కోర్టులో సెప్పినారు. కాగితం మీదికి ఎక్కీసింది. ఇప్పుడు వొండితే అబద్ధం అయిపోద్ది కదేటి?"

వాడు నవ్వాడు, అమ్మ నవ్వలేదు. నాన్న గుమ్మంలోంచి, "కోర్టులో వంద అంటాం, ఇంట్లో అవన్నీ ఎందుకే" అన్నాడు. అమ్మ ఆయన వైపు తిరగనైనా లేదు. ఆ రాత్రికి నేను వండిన అన్నం అడుగంటింది. రెండ్రోజుల కోపంలే అనుకున్నాం. పది రోజులైంది, నెలైంది. ఎనిమిది కేరేజీలూ తోమి బోర్లించినవి బోర్లించినట్టే అటకెక్కాయి. అమ్మ మళ్లీ పొయ్యి వెలిగించలేదు.

తీర్పు ఏడాది తర్వాత వచ్చింది. ఉత్తి గృహిణికి ఎంత వస్తుందో అంతే వచ్చింది, వకీలు తన వాటా తీసుకుని మళ్లీ కనపడలేదు. నాన్న ఆ కాగితాలు బీరువాలో పెట్టబోతే అమ్మ ఆపి, "ఒలే, ఇలా రా. నా పని గురించి ఏటి రాసినారో సదువు" అంది నాతో.

వెతికి చదివాను. దావా వేసిన స్త్రీ ఇంటి దగ్గరే ఉంటుంది, ఏ పనీ చెయ్యదు అని ఉంది.

"ఎవురు సెప్పినారని రాసినారు? మీ నాన్నా?"

కాగితం మడతపెట్టబోయాను. అమ్మ ఊరుకోలేదు, మళ్లీ అడిగింది.

"నువ్వే" అన్నాను. "నువ్వే నీ నోటితో చెప్పినట్టు రాశారు."

అమ్మ కాసేపు వేళ్లు ముడవని ఆ కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని చూసుకుంది.

"నానే సెప్పినానా? అయితే నిజమే అయ్యుంటాది" అంది. "ఎల్లి టీ పెట్టు."

వెళ్లి పెట్టాను.