కెస్‌బరీ బిళ్ళ

మస్కట్‌లో వాదీ కబీర్ వైపు వెళ్ళి ఫైబర్ పని చేసే భూమేశ్ ఎక్కడని అడిగితే ఏ గ్యారేజీవాడైనా చెయ్యి చూపిస్తాడు. చూపిస్తూనే, "జర మొండోడు, చూసుకో" అని కూడా అంటాడు. ఆ మాట నిజమే. జగిత్యాల జిల్లా మల్లాపూర్ నుంచి పదకొండేళ్ళ కింద ఒమాన్‌లోనే ఉన్న సోహార్‌కు కూలిపనికి వచ్చిన మనిషి, అక్కడ నీళ్ళ ట్యాంకుల కంపెనీలో ఫైబర్ పని నేర్చుకుని, ఇవాళ అరవై ఏళ్ళ నాటి స్పోర్ట్స్ కార్లకు కొత్త బాడీలు పోస్తున్నాడు. మొండితనం లేకుండా అంత దూరం ఎవడొస్తాడు?

అసలు కార్లు లోకంలో గుప్పెడే మిగిలాయి. అవి కోటీశ్వరుల షెడ్లలో ఉన్నాయి. మోజు చావనివాళ్ళు వాటికి నకళ్ళు చేయించుకుంటారు. వేరే బండి ఇంజనూ చక్రాలూ తెచ్చి, పైన ఫైబర్ బాడీ కూర్చోబెడితే పొడుగు ముక్కు, రెండే సీట్లు ఉన్న పాతకాలపు బండి తయారు. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ నకళ్ళలో మళ్ళీ కులాలున్నాయి. ఇంగ్లండ్‌లోని కెస్‌బరీ అనే కంపెనీ బాడీ పెట్టించుకున్నవాడు ఇంకో కంపెనీ బాడీ ఉన్న బండి వంక కూడా చూడడు. శుక్రవారం పొద్దున ఖురం బీచి దగ్గర వీళ్ళంతా బళ్ళు నిలబెట్టుకుని, టీలు తాగుతూ, మా నకలే అసలైనదంటే మా నకలే అసలైనదని వాదించుకుంటారు. ఒకసారి అక్కడికి బండి అప్పజెప్పడానికి వెళ్ళిన భూమేశ్ ఆ వాదన మొత్తం నిలబడి విన్నాడు.

"దొంగనోట్లల్ల మంచి దొంగనోటు ఏదని కొట్లాడుతున్నరు" అని రూమ్‌లో చెబితే అందరూ పడీపడీ నవ్వారు.

వాళ్ళలో సంజీవ్ గారిది మరీ పిచ్చి భక్తి. విజయవాడ మనిషి, ఖురంలో పెద్ద ఆఫీసులో ఇంజనీరు. చదువుకునే రోజుల్లో హాస్టల్ గోడకు అంటించుకున్న కెస్‌బరీ బండి బొమ్మ ఆయన మనసులోంచి ఇంకా ఊడలేదు. పద్నాలుగేళ్ళుగా ఆ కంపెనీతో ఉత్తరాలు నడిపి, చివరికి ఒక బాడీ తెప్పించుకున్నాడు. దాన్ని భూమేశ్ పనిచేసే గ్యారేజీలోనే బిగించాలి. పెట్టె సరాసరి గ్యారేజీకే వచ్చింది. విప్పి చూస్తే ఓడలోనో లారీలోనో ఏం తగిలిందో, ముక్కు మూడు చెక్కలై ఉంది.

అర్బాబ్ తరఫున, అంటే ఒమానీ యజమాని తరఫున, గ్యారేజీ చూసుకునే అక్బర్, హైదరాబాద్ పాతబస్తీ మనిషి, తల పట్టుకున్నాడు. ఆ తర్వాత అతని చూపు మూలన ఉన్న ఇంకో బాడీ మీద పడింది. అదే మోడల్, భూమేశ్ పోసింది.

దాని సంగతి చెప్పాలి. ఫైబర్ పొరలను అతికే రెజిన్ జిగురు మస్కట్ ఎండలో కలిపిన నిమిషాల్లో గడ్డకడుతుంది. అందుకని భూమేశ్ ఇంకా చీకటుండగానే లేచి, గట్టిపడే మందు బాగా తగ్గించి కలిపి, ఎండ ఎక్కేలోపు పొర వేసి, రోలర్‌తో ఒక్కొక్క గాలిబుడగనూ బయటికి తోలేవాడు. రోజుకొక పొర. అక్బర్ ఎంత మొత్తుకున్నా నాలుగు రోజులు అచ్చులోంచి కదపనివ్వలేదు. బయటికి తీసినప్పుడు దాని మీద ముఖం చూసుకోవచ్చు. వచ్చినవాళ్ళంతా ఆహా అన్నారు. ఎవరు చేశారని అడిగి, "ఓహో, లోకలా?" అని వెళ్ళిపోయారు. ఆరు నెలలుగా అది అట్లాగే ఉంది.

"ఆ బిళ్ళ తీసి దీనికి కొడదాం భాయ్" అన్నాడు అక్బర్. కెస్‌బరీ బాడీ ముందు భాగంలో రెండు రివెట్లతో బిగించిన ఇత్తడి బిళ్ళ గురించి అతను చెప్పేది.

"కొట్టద్దు."

"నీదేం పోతది? నీ మాల్ అమ్ముడుపోతది, ఆయన ఖుష్, అర్బాబ్ ఖుష్."

"నా పిల్లకు మంది పేరు పెట్టి పెండ్లి చేస్తవా? కొట్టద్దంటున్న."

"ఈ నెల నీ రెసిడెంట్ కార్డు రెన్యువల్ ఉంది, యాద్ ఉందా? అర్బాబ్ సంతకం పెట్టకుంటే సీదా ఇంటికే."

మల్లాపూర్‌లో భూమేశ్ ఇల్లు సగం కట్టి ఉంది. అయినా మాట మార్చలేదు. గురువారం అతన్ని సామాను తెమ్మని సోహార్ పంపించి, అతను తిరిగొచ్చేలోపు అక్బర్ బిళ్ళ పీకి భూమేశ్ బాడీకి కొట్టేశాడు. పగిలిన బాడీని వెనక్కి నెట్టి గుడ్డ కప్పేశాడు.

శుక్రవారం పొద్దున్నే సంజీవ్ గారు వచ్చాడు. ఈ భక్తులకొక అలవాటుంది. మధ్యవేలి కణుపుతో బాడీ మీద కొట్టి, చెవి ఆనించి వింటారు. మోత వింటే ఏ కంపెనీదో చెప్పేస్తామంటారు. ఆయన ముందు బిళ్ళను తుడిచి చూసుకున్నాడు. తర్వాత కొట్టాడు, విన్నాడు, కళ్ళు మూసుకున్నాడు. నిజంగానే ఆయన కళ్ళు చెమర్చాయి.

"విన్నావటయ్యా భూమేశ్? కెస్‌బరీ అంటే ఇదీ! మనవాళ్ళు వంద జన్మలెత్తినా ఈ పని చెయ్యలేరు."

ఆ మాట భూమేశ్‌కు కాలింది. ఒళ్ళంతా కాలింది. వెళ్ళి డ్రిల్లు తెచ్చాడు. అక్బర్ "అరే, అరే" అనేలోపే రెండు రివెట్ల తలలూ లేచిపోయాయి. బిళ్ళను తీసి సంజీవ్ గారి అరచేతిలో పెట్టాడు.

"ఇది మీది సార్. బాడీ నాది."

"ఏంటయ్యా ఇది? మతి పోయిందా నీకు?"

భూమేశ్ వెనక్కి వెళ్ళి గుడ్డ లాగాడు. పగిలిన ముక్కు బయటపడింది. ఆయన దాన్ని చూశాడు, దీన్ని చూశాడు, బిళ్ళను చూశాడు. ముఖం ఎర్రబడింది.

"మళ్ళొకసారి కొట్టి చూడుండ్రి" అన్నాడు భూమేశ్. "ఇందాక ఏం ఇనబడ్డదో గదే ఇనబడుతది. మోత మారదు."

ఆయన కొట్టలేదు. కొట్టే చేతిని జేబులో పెట్టుకున్నాడు. పగిలినదాని దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"నాకు ఇదే కావాలి."

"పగిలింది సార్."

"పగిలినా వాళ్ళది. నువ్వు అతికించు. అతుకు కనబడకుండా చెయ్యగలవని నాకు తెలుసు."

పాపం, పద్నాలుగేళ్ళ ప్రేమ ఒక్క పూటలో చస్తుందా? భూమేశ్‌కు ఆయన మీద జాలి కలిగింది కూడా. కానీ ఆ ముక్కు మొత్తం తాను కొత్తగా పోయాలి. దాని మీద మళ్ళీ అదే బిళ్ళ ఉంటుంది.

"కనబడకుంట చేసుడు నాకొస్తది సార్" అన్నాడు. "చెయ్య. అతుకు కనబడేటట్టయితే చేస్త."

"ఎంత పొగరయ్యా నీకు!"

"ఉన్నది సార్. పనోనికి గంతన్నా ఉండకుంటే ఎట్ల?"

సంజీవ్ గారు కారు డోరు దబ్బున వేసుకుని పోయాడు. అక్బర్ అప్పటికే అర్బాబ్ హిలాల్‌కు ఫోన్ కలిపి, జరిగిందంతా ఒకటికి రెండు చేసి చెప్పేశాడు. ఫోన్ భూమేశ్ చేతికొచ్చింది. హిలాల్ హిందీలోనే అడిగాడు.

"బిళ్ళ నువ్వే తీశావా?"

"నేనే తీసిన అర్బాబ్."

"గిరాకీ పోయాడు."

"పోయిండు."

"నీ కార్డు కాగితాలు నా టేబుల్ మీదున్నాయి. ఆదివారం వస్తున్నాను, అప్పుడు చూస్తాను. అప్పటిదాకా అక్కడ ఏం ముట్టుకోకు."

"ఒక్కటి ముట్టుకోవాలె అర్బాబ్" అన్నాడు భూమేశ్. "నా బాడీకి ముంగట రెండు బొక్కలు పెట్టిండ్రు. అవి పూడ్చినంకనే చెయ్యి తీస్త."

అవతలి నుంచి జవాబు రాకముందే ఫోన్ అక్బర్‌కు ఇచ్చేసి, రెజిన్ డబ్బా మూత తీశాడు.