లేదని చెప్పి తినిపించిన సారపప్పు

ఆ రోజు నేను నా కూతురికి అబద్ధం చెప్పి, దానికి పడనిది తినిపించాను.

సిరొంచలో తెల్లదొరల కచేరీ కొత్తగా వెలిసిన రోజులవి. మాది అక్కడికి ఎగువన అడవిలో ఊరు. మొర్రి గింజలు పగలగొట్టి తీసిన కొత్త సారపప్పును ఏటా కొత్తల పండుగనాడు దేవతకు పెట్టి, ఇంటిల్లిపాదీ తినాలి. ఒక్కరు మానినా ఆ ఏడు అడవి పండదని మావాళ్ల నమ్మకం. నా కూతురు ఆరేళ్ల లచ్చి మాత్రం అది తింటే గొంతు దురద పెడుతోందని ఏడ్చేది.

"పిల్ల మొండికేస్తె ఊకుంటవా? ఏం తండ్రివిరా నువ్వు!" అని మా అన్న అందరి ముందూ నవ్వాడు. నాకు తల కొట్టేసినట్లయింది. పప్పు మెత్తగా నూరి బెల్లంలో కలిపి ముద్ద చేశాను.

"ఇందుల పప్పు లేదు గద, బాపు?"

"లేదు బిడ్డా, ఉత్త బెల్లమే."

నమ్మి తిన్నది. కాసేపటికే కళ్లూ పెదవులూ వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచాయి. గొంతులో పిల్లికూతలు మొదలయ్యాయి. ఎత్తుకోబోతే నన్ను తోసేసి, పక్కనే ఉన్న నా భార్యను, వాళ్ల అవ్వను, పట్టుకుంది.

"లేదంటివి గద!" అన్నది, ఊపిరాడకపోతున్నా.

పొద్దు వాలాక గానీ వాపు దిగలేదు.

మరుసటి ఏడు కొత్తల నాడు అందరి ముందూ నిలబడి, "తప్పు పిల్లది గాదు, నాది. ఇగ దానికి ఎవ్వరూ పప్పు పెట్టొద్దు" అన్నాను. లచ్చికి వేరే కుండలో వండి, ముందు నేను తిని చూపించాను. అయినా అది ముద్ద చేతిలో పట్టుకుని, వాళ్ల అవ్వ తల ఊపాకే నోట్లో పెట్టుకుంది.