ఏమీ వద్దట

నా చిన్నప్పుడు మా ఇంట్లో శనివారాన్ని ఎవరూ శనివారం అనేవాళ్ళు కాదు, వ్యాను రోజు అనేవాళ్ళం. మేం లీడ్స్‌లో ఉండేవాళ్ళం. అమ్మ ఆసుపత్రిలో నర్సు. మా నాన్న వారమంతా ఫ్యాక్టరీలో పనిచేసి, శనివారం మాత్రం పాత తెల్ల వ్యానులో చుట్టుపక్కల ఊళ్ళలోని తెలుగిళ్ళకు పప్పులు, చింతపండు, కరివేపాకు, అరటికాయలు చేరవేసేవాడు. ఇప్పటిలా వీధి చివరి షాపులో గోంగూర దొరికే రోజులు కావవి. మా వ్యాను రాకపోతే చాలా ఇళ్ళలో ఆ వారం సాంబారు లేనట్టే.

ఆర్డర్ల ఫోన్లు గురువారం సాయంత్రం వచ్చేవి. ఆ వేళకు నాన్న ఫ్యాక్టరీ నుంచి రాడు కాబట్టి, ఫోన్ తీసి రాసుకునే పని నాది. పదకొండేళ్ళదాన్ని. ఈ దేశంలోనే పుట్టాను. తెలుగు బాగానే అర్థమయ్యేది కానీ చదవడం, రాయడం రావు. కందిపప్పునూ మినపప్పునూ ఇంగ్లీషు అక్షరాల్లోకి కుక్కి చీటీల మీద రాసేదాన్ని. శుక్రవారం నాన్న డైనింగ్ టేబుల్ మీద మ్యాపు పరిచి, నా చీటీలు చూసుకుంటూ, ఆర్డరిచ్చిన ఒక్కో ఇంటి మీద ఒక్కో వేయించిన శనగగింజ పెట్టేవాడు. ఆ గింజల మధ్య వేలితో దారి గీసేవాడు. ఏ ఇల్లు ముందు, ఏ ఇల్లు తర్వాత, ఎక్కడ కుడివైపు తిరగాలంటే సిగ్నల్ దగ్గర పది నిమిషాలు పోతాయి, ఎవరు మధ్యాహ్నం పడుకుంటారు, ఎవరింటి పక్కన కుక్క ఉంది, అన్నీ ఆ వేలికి తెలుసు. ఎవరైనా ఈ వారం సరుకులు వద్దంటే వాళ్ళింటి శనగ నా నోట్లోకి వచ్చేది. అది మా ఇద్దరి మధ్య ఒప్పందం.

పెట్టెలు సర్దడంలో నాన్నకు ఒకటే సూత్రం. చివర దిగేది ముందెక్కాలి. ఆ లెక్కన అందరికన్నా ముందు వ్యాను ఎక్కేది షెఫీల్డ్ ఆంటీ పెట్టె. ఆమె ఇల్లు నిట్టనిలువుగా ఉండే కొండవీధిలో చిట్టచివర. బరువుతో ఆ ఎత్తు ఎక్కితే మా వ్యాను ఆయాసపడేది. అందుకని అన్ని ఇళ్ళూ అయ్యాక ఖాళీ వ్యానుతో ఆమె దగ్గరికి వెళ్ళేవాళ్ళం. ఆమె భర్త, మా నాన్న ఒకే ఏడాది ఈ దేశం వచ్చిన స్నేహితులు. అంకుల్ పోయి అప్పటికి రెండేళ్ళు. పిల్లల్లేరు. ఆంటీ ఒక స్కూలు వంటగదిలో పనిచేస్తూ ఒక్కతే ఉండేది.

ఒక్క మనిషి ఆర్డరు ఎంతుంటుంది? ఒక చిన్న పెట్టె. దానికోసం అంత ఎత్తు ఎక్కి దిగడం, పైగా టీ తాగందే ఆమె వదలకపోవడం, వెరసి గంట. వేలితో దారి గీయడం నేనూ నేర్చుకుంటున్న రోజులు. నేర్చుకునేవాళ్ళకు పొగరెక్కువ కదా. ఆ గంట నాకు కంట్లో నలుసులా ఉండేది.

ఒక గురువారం ఆంటీ ఫోన్ చేసి, రెండు అరటికాయలు, మినపప్పు, పెసరపప్పు, నల్ల నువ్వులు రాసుకోమంది. తర్వాత, "శనివారం నాన్నగారిని ఇక్కడే భోంచెయ్యమన్నానని చెప్పమ్మడూ. అంకుల్ తిథి. మర్చిపోకేం," అంది.

తిథి అంటే నాకు తెలియదు. మా యార్క్‌షైర్‌లో సాయంత్రం భోజనాన్ని టీ అంటారు. తిథి కూడా అలాంటి భోజనమే ఏదో అయ్యుంటుందనుకుని ఊకొట్టాను. నా మనసంతా అదే శనివారం నాలుగింటికి రోలర్ స్కేటింగ్ హాల్లో జరగబోయే పుట్టినరోజు మీద ఉంది. మా క్లాసు పిల్లది. ఆ స్కూల్లో చేరిన మూడేళ్ళలో నన్నొకరు పార్టీకి పిలవడం అదే మొదలు. వ్యాను పని త్వరగా అయితే దింపుతానని నాన్న అన్నాడు. ఆంటీ ఇంట్లో ఒక్క టీకే గంట పడితే, భోజనానికి ఎంత పడుతుందో లెక్క వేయడం నాకు కష్టం కాలేదు. నాన్న నేర్పిన విద్యే కదా. రాసిన చీటీ చింపేశాను.

శుక్రవారం నాన్న గింజలన్నీ పెట్టి, చివరి గింజ కొండ మీద పెట్టబోతూ ఆగి, ఆంటీ చీటీ ఏదని అడిగాడు.

"ఆంటీకి ఈ వారం ఏమీ వద్దట," అన్నాను.

తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు, ఆ 'ట' ఎంత గడుసుదో. మాట పుట్టింది నా నోట్లోనే. చివర ఆ ఒక్క అక్షరం తగిలించేసరికి అది ఎవరిదో అయిపోయింది, నేను ఊరికే మోసుకొచ్చిన దాన్నయ్యాను. అబద్ధమాడినట్టు నాకే అనిపించలేదు. నాన్న ఆ గింజ తీసి నా అరచేతిలో వేశాడు. నేను నమిలి మింగాను.

శనివారం షెఫీల్డ్‌లో ఆ కొండవీధి మొదట్లోంచే వెళ్ళాం. నాన్న వ్యాను నెమ్మది చేసి పైకి చూశాడు. పాపం ఒంట్లో ఎలా ఉందో, వచ్చే వారం కనుక్కుందాం అన్నాడు. నేను మ్యాపు మడతపెట్టే పనిలో మునిగిపోయినట్టు కూర్చున్నాను. మూడింటికల్లా లీడ్స్ వచ్చేశాం. పార్టీలో ఐదుసార్లు పడ్డాను, రెండు కేకు ముక్కలు తిన్నాను, గొంతు బొంగురుపోయేదాకా నవ్వాను. ఎంత సంతోషపడ్డానో దాచను. ఇప్పుడు తలుచుకుంటే ఎక్కువ సిగ్గేసేది దానికే.

మరుసటి గురువారం ఫోన్ నాలుగుసార్లు మోగాక తీశాను. ఆంటీ మామూలుగా కందిపప్పు, కరివేపాకు రాయించింది. పోయిన వారం మాటే ఎత్తలేదు. గండం గడిచిందనుకున్నాను.

శనివారం ఆమె గుమ్మంలోనే నాన్న అడిగేశాడు. "ఏమ్మా, పోయిన వారం ఏమీ వద్దన్నారట. ఒంట్లో బాగాలేదా?"

ఆంటీ నాన్న వైపు చూసింది. తర్వాత ఆయన పక్కనున్న నా వైపు చూసింది. ఆ చూపులో కోపమున్నా ఎంతో బాగుండేది. ఉన్నదల్లా అలసట.

"అవునన్నయ్యగారూ. కాస్త నలతగా ఉంటే నేనే వద్దన్నాను," అంది.

నాన్న పెట్టె పట్టుకుని వంటగదిలోకి నడిచాడు, వెనకాలే నేను. అంకుల్ ఫోటోకు వేసిన చేమంతి దండ వాడిపోయి ఉంది. పక్కనే ఊరి నుంచి ఎవరో పంపిన తెలుగు క్యాలెండరు. అందులో పోయిన శనివారం చుట్టూ సున్నా చుట్టి, పక్కన సన్నటి అక్షరాలతో ఏదో రాసి ఉంది. నాకు చదవడం రాదు. నాన్నకు వచ్చు. చదివాడు. పెట్టె కింద పెట్టడం మర్చిపోయి మళ్ళీ చదివాడు. ఆంటీ ఇచ్చిన టీ తాగి, ఏమీ అడగకుండా దిగివచ్చాడు.

మా నాన్న తిట్టే మనిషి కాదు కానీ, వ్యాను నడుపుతూ ఊరికే కబుర్లు చెప్పే మనిషి. ఆ రోజు లీడ్స్ దాకా ఇంజను చప్పుడు మొదటిసారి పూర్తిగా విన్నాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ బెండకాయ వేపుడు చేసి, పప్పుకు తాలింపు పెడుతోంది. పొద్దుటి నుంచి ఒక శాండ్‌విచ్ తప్ప నా కడుపులో ఏమీ లేదు. వెళ్ళి కంచం ముందు కూర్చున్నాను. నాన్న నా కంచం తీసి బోర్లించాడు.

"అమ్మాయికి ఈ పూట ఏమీ వద్దట," అన్నాడు అమ్మతో.

"ఎవరన్నారు?" అంది అమ్మ.

"అన్నారట."

వేళాకోళమనుకుని నవ్వాను. నాన్న నవ్వలేదు. తన కంచం కూడా బోర్లించుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. నేను అనలేదు నాన్నా, నాకు ఆకలేస్తోంది అన్నాను. వద్దట కదా అన్నాడు మళ్ళీ, అంతే నెమ్మదిగా. నేనేం చెప్పినా చెల్లడం లేదు. నా ఆకలి గురించి నాకన్నా ఆ అక్షరానికే ఎక్కువ విలువ ఉంది. వేపుడు చల్లారిపోతోంది. అమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. ఏడుపు ఎప్పుడు మొదలైందో తెలియదు. ఏడుస్తూనే చింపిన చీటీ, పార్టీ, భోజనానికి పిలిచిన మాట, అన్నీ కక్కేశాను.

తిథి అంటే ఏమిటో నాన్న అప్పుడు చెప్పాడు. అది అంకుల్ పోయిన రోజు. ఏటా ఆ రోజు ఆయన పేరు చెప్పుకుని ఒక మనిషికి కడుపునిండా పెట్టి, ఆ తర్వాతే ఆంటీ మెతుకు ముట్టేది. క్యాలెండరులో సున్నా పక్కన ఉన్నది, అన్నయ్యగారికి భోజనం అని. వండటానికి సరుకులు రాలేదు, తినడానికి మనిషీ రాలేదు.

"ఆ రోజు ఆవిడ తిన్నదో లేదో నాకు తెలియదు. అడిగే మొహం లేదు నాకు," అన్నాడు నాన్న.

అమ్మ లేచి కంచాలు తిరగేసింది. నాన్న పప్పన్నం కలిపి మొదటి ముద్ద తనే నా నోట్లో పెట్టి, నెమ్మదిగా చెప్పాడు. విన్నదానికే 'ట' తగిలించాలి. విననిదానికి తగిలిస్తే, అవతల ఎవరి నోరో నొక్కేసినట్టు. వచ్చే వారం ఆంటీకి ఈ సంగతి నేనే స్వయంగా చెప్పాలి.

మరుసటి శనివారం నాన్న వ్యానును కొండ కిందే ఆపి, పెట్టె నా చేతికిచ్చి పంపాడు. దారంతా చెప్పాల్సిన మాట వల్లించుకుంటూ ఎక్కాను. ఆంటీ తలుపు తీసి, నేను నోరు తెరిచేలోపే పెట్టె అందుకుంది.

"ముందు తిను. మాటలెక్కడికి పోతాయి?" అంది.

వంటగది కిటికీ పక్కన కూర్చోబెట్టి పులిహోర పెట్టింది. తింటూ తలెత్తి చూస్తే, ఆ కిటికీలోంచి వీధి చివరిదాకా కనిపిస్తోంది. అక్కడ, మలుపు దగ్గర, అగ్గిపెట్టెంత తెల్లగా మా వ్యాను. ఆ రోజు ఆమె ఇక్కడే నిలబడి ఉంటుంది. మా వ్యాను రావడం, నెమ్మది కావడం, తిరగకుండా వెళ్ళిపోవడం ఆమె చూసే ఉంటుంది. ఆ ఆలోచన వచ్చాక వల్లించుకున్న మాట నోట్లోనే ఆరిపోయింది. రెండుసార్లు కూడదీసుకుని "ఆంటీ" అన్నాను. రెండుసార్లూ "ఇంకాస్త పెట్టుకో" అంది. నన్ను గట్టెక్కించాలనుకుందో, ఆ సంగతి వినడం ఆమెకే కష్టమైందో తెలియదు. తప్పించుకునే దారి నా ముందుంది. ఆ దారే పట్టాను. కంచం కడిగిపెట్టి, వెళ్ళొస్తానాంటీ అని దిగివచ్చేశాను.

"చెప్పావా?" అన్నాడు నాన్న.

"చెప్పాను."

"ఏమంది?"

"ఫర్వాలేదట."

నాన్న నా మొహంలోకి కాసేపు చూసి, ఇంజను స్టార్ట్ చేశాడు. ఆ 'ట' ఆయన చెవికి తగిలిందో లేదో ఇప్పటికీ తెలియదు. తగలకుండా ఉండే చెవి కాదది.

వచ్చే వారం చెబుదాం, ఆపై వారం చెబుదాం అనుకుంటూ వారాలు గడిపాను. ఎండాకాలం సెలవుల్లో ఆంటీ లండన్ పక్క స్టాన్‌మోర్‌లో తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోయింది. మా మ్యాపు అంత దూరం పోదు. కొన్నేళ్ళకు ఒక రోజు అమ్మ ఫోన్ పెట్టేసి వచ్చి, షెఫీల్డ్ ఆంటీ పోయారట అంది. ఆ ఒక్కసారి అది కూడా ఎవరో కల్పించిన 'ట' అయితే బాగుండునని కోరుకున్నాను.

ఇప్పుడు నేనూ నాన్న పనే చేస్తున్నాను. లీడ్స్ బయట ఒక పెద్ద గోడౌను పై అంతస్తులో కూర్చుని, సరుకుల వ్యాన్లు ఏ ఇంటికి ముందు వెళ్ళాలో, ఏ ఇంటికి తర్వాత వెళ్ళాలో చూస్తాను. శనగలు లేవు, స్క్రీన్ మీద చుక్కలున్నాయి. దారి గీసే వేలు కంప్యూటరుది. తెలివైనదే, కాదనను. కానీ కొండెక్కాల్సిన ఒంటరి చుక్క కనిపిస్తే దానిదీ పదకొండేళ్ళ పిల్ల బుద్ధే. తీసేద్దామా అని అడుగుతుంది.

మొన్న మా టీములో కొత్తగా చేరిన తెలుగమ్మాయి, ఇక్కడే మాస్టర్స్ చేసిన పిల్ల, నా దగ్గరికొచ్చింది. "ఆంటీ, ఈ లాస్ట్ డ్రాప్ క్యాన్సిల్ అట. తీసేస్తే రూట్ గంట తగ్గుతుంది," అంది.

"ఎవరు విన్నారు?" అన్నాను.

"సిస్టమ్‌లో ఉందాంటీ."

నేనే ఫోన్ చేశాను. అటువైపు ఒక పెద్దాయన. నిజంగానే వద్దన్నాడు. కూతురింటికి వెళ్తున్నాడట, ఇది ఆయన నోట విన్నదే. చుక్క తీసేశాను. నేను ఫోన్ చేసిన ప్రతిసారీ దాదాపు ఇంతే, వద్దన్న మాట నిజమే అవుతుంది. ఆఫీసులో అందరూ దీన్ని నా చాదస్తమంటారు. అనుకోనీ. ఈ ఫోన్లన్నీ నేను చేయని ఒక్క పనికి బదులని వాళ్ళకు తెలియదు.

ఆ అమ్మాయికి మాత్రం ఇదంతా చెప్పాను. విని, ఆవిడ మిమ్మల్ని క్షమించే ఉంటారులెండి ఆంటీ అంది. అమ్మ కూడా అదే అనేది, క్షమించకపోతే పులిహోర పెడుతుందా అని. కావచ్చు. క్షమించిందట అని చెప్పుకుంటే నాకూ హాయిగానే ఉంటుంది. కానీ నేను అడగలేదు, ఆమె అనలేదు. ఆ మాట నేను వినలేదు.